బోర్డు కాళ్ల కింద నుంచి జారిపోతోందా? ట్రిక్ సంగతి తర్వాత, ముందు నిలబడటం చూసుకోండి

స్కేట్‌బోర్డు మీద ఓలీ, అంటే చేత్తో పట్టుకోకుండా బోర్డుతో సహా గాల్లోకి ఎగిరే ట్రిక్, రావట్లేదని నేను నాలుగు నెలలు నా కాళ్లనే తిట్టుకున్నాను. ముందు కాలు బోర్డు మీద సరిగ్గా రాసుకోవట్లేదు, వెనక కాలు గట్టిగా కొట్టట్లేదు అనుకుంటూ వీడియోలు చూడటం, వెళ్లి ఎగరడం, బోర్డు ముందుకు జారిపోవడం, నడుం మీద పడటం, ఇదే వరస. ఒకరోజు పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీయించుకుని నెమ్మదిగా నడిపించి చూస్తే అసలు సంగతి బయటపడింది: నేను ఎగరక ముందే పడిపోతున్నాను. టెయిల్ (బోర్డు వెనక చివర) నేలకి కొట్టడానికి ముందే బరువంతా మడమల మీదికి వెళ్లిపోయింది, తుంటి బోర్డు దాటి బయటికి వచ్చేసింది. ఇక కాళ్లు ఎంత చక్కగా కదిలితే మాత్రం ఏం లాభం?

అందుకే ఇక్కడ ట్రిక్కుల గురించి తక్కువ, ట్రిక్కుకు ముందూ తర్వాతా బోర్డు మీద ఎలా ఉండాలన్నదాని గురించి ఎక్కువ రాస్తున్నాను.

ముందు ఒకటి అర్థం చేసుకోవాలి. బోర్డు మీద మనం రెండు రకాలుగా తూలుతాం, ఆ రెండింటికీ మందు వేరు. కాలివేళ్ల వైపుకో మడమల వైపుకో ఒరిగితే బోర్డు ఆ వైపుకి తిరుగుతుంది, ఎందుకంటే ట్రక్కులో (చక్రాల ఇరుసుని బోర్డుకి బిగించే లోహపు భాగంలో) ఉండే రబ్బరు లాంటి బుషింగ్‌లు నొక్కుకుని ఇరుసు తిరగడానికి వీలిస్తాయి. ఇది బోర్డు సెట్టింగుకీ మన చీలమండలకీ సంబంధించిన వ్యవహారం. రెండోది ముందుకీ వెనక్కీ, అంటే నోస్ (బోర్డు ముందు చివర) వైపుకో టెయిల్ వైపుకో తూలడం. రెండు ఇరుసుల మధ్య మన బరువు ఉన్నంతసేపూ బోర్డు నాలుగు చక్రాల మీద బుద్ధిగా ఉంటుంది, ఆ గీత దాటిందా, అటు చివర కిందికి దిగి ఇటు చివర లేస్తుంది. రెండు ట్రక్కుల లోపలి బోల్టు రంధ్రాల మధ్య దూరాన్ని వీల్‌బేస్ అంటారు, మామూలు స్ట్రీట్ బోర్డులో ఇది 14 అంగుళాల చుట్టుపక్కల ఉంటుంది. అంటే మనకున్న చోటు అంతంతమాత్రమే. ట్రిక్కుల్లో ఎక్కువమందిని పడేసేది ఈ రెండోదే, కానీ అందరూ మొదటిదాన్ని సరిచేయడానికి పరిగెత్తుతారు. ఎలాగంటే, ట్రక్కులు బిగించేసి.

ట్రక్కులు బిగించడం ఒక మోసం

నేనూ చేశాను ఆ పని. బోర్డు ఊగుతోందని ట్రక్కు మధ్యలో ఉండే కింగ్‌పిన్ అనే బోల్టు నట్టు ఇక తిరగనంత వరకూ బిగించాను. నిలబడితే బల్ల మీద నిలబడినట్టే ఉంది, భలే అనిపించింది. కానీ ఆ బోర్డు తిరగదు. దిగేటప్పుడు కాస్త వంకరగా దిగితే, వదులుగా ఉన్న బోర్డు ఆ వంకరని తనలోకి తీసుకుని మెల్లగా తిరిగి సర్దుకుంటుంది, బిగుసుకుపోయిన బోర్డు మాత్రం మనల్ని విసిరేస్తుంది. పైగా బుషింగ్‌లు నలిగి పిగిలిపోతాయి.

సరిగ్గా ఎంత ఉండాలో ఒక చిన్న పరీక్షతో తెలుస్తుంది. కదలని బోర్డు మీద రెండు కాళ్లూ ట్రక్కులు బిగించిన బోల్టుల పైన పెట్టి నిలబడండి. వేళ్ల మీదికి ఒరిగితే బోర్డు ఒరగాలి, మీరు నిటారుగా వస్తే అది కూడా తనంతట తాను వెనక్కి రావాలి. మీరు గట్టిగా తొక్కితే తప్ప ఒరగకపోతే బిగువు ఎక్కువ, మీరు లేచినా అది అక్కడే పడుకుని ఉంటే వదులు ఎక్కువ. స్కేట్ టూల్‌లో 9/16 అంగుళాల సాకెట్ దీనికే. ఒకేసారి పావు చుట్టు మాత్రమే తిప్పండి, తిప్పి పది నిమిషాలు తొక్కి చూసి అప్పుడు ఇంకో పావు. కొత్త బుషింగ్‌లు మొదట్లో గట్టిగానే ఉంటాయి, కొన్ని రోజులు తొక్కితే మెత్తబడతాయి, కాబట్టి మొదటి రోజే తీర్పు చెప్పేయకండి.

నట్టుతో పని జరగకపోతే బుషింగ్‌లే మార్చాలి. వాటి గట్టిదనాన్ని 'ఎ' స్కేల్ మీద చెబుతారు. 90ఎ దగ్గరివి మధ్యస్థం, బరువైన మనిషికి 95ఎ దాకా, సన్నటి పిల్లలకి 85ఎ దగ్గర ఉంటే హాయి. ట్రక్కులు వదులు చేస్తే ఇంకో ప్రమాదం కూడా ఉంది: ఒరిగినప్పుడు చక్రం డెక్ (మనం నిలబడే చెక్క పలక) అడుగుకి రాసుకుని బోర్డు ఉన్నపళంగా ఆగిపోతుంది, మనం ఆగం. దీన్నే వీల్ బైట్ అంటారు. 54 మిల్లీమీటర్లు దాటిన చక్రాలు పెట్టుకున్నవాళ్లు ట్రక్కు కింద ఎత్తు పెంచే 1/8 అంగుళం రైజర్ ప్యాడ్ వేసుకుంటే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది.

డెక్ వెడల్పు గురించి ఎక్కువ మథనపడక్కర్లేదు. 8 నుంచి 8.5 అంగుళాల మధ్య పాదానికి సరిపడేది చాలు. సన్నటి డెక్ త్వరగా తిరుగుతుంది, వెడల్పుది దిగడానికి చోటు ఎక్కువ ఇస్తుంది. నేర్చుకునేవాళ్లకి నేనైతే రెండోదే చెప్తాను. కానీ బూట్ల విషయం తేలిగ్గా తీసుకోకండి. అడుగున దళసరి స్పాంజి ఉండే పరుగు బూట్లతో బోర్డు ఎటు ఒరుగుతోందో పాదానికి తెలియనే తెలియదు. అడుగు సమంగా, పలచగా ఉన్న బూట్లు వేసుకోండి.

ఒంటిని ఎలా పెట్టాలి

మోకాళ్లు వంచండి అని అందరూ చెప్తారు. అందరూ వంచుతారు కూడా, కాకపోతే మోకాళ్లు కాస్తా నడుం అయిపోతుంది. నడుం వంగితే తల వేళ్ల వైపు దాటిపోతుంది, దాన్ని సర్దడానికి తుంటి వెనక్కి వెళ్తుంది, చూడటానికి కుర్చీ కోసం వెతుకుతున్నట్టు ఉంటుంది. వీపు వీలైనంత నిలువుగా ఉంచి, మోకాళ్లు బూటు ముందుకి వచ్చేలా కిందికి దిగండి. బరువు పాదంలో వేళ్ల వెనక ఉండే దిమ్మ మీద ఉండాలి, మడమ బోర్డుకి ఆని ఉన్నా దాని మీద భారం వేయకూడదు.

ఇక భుజాలు. రెండు భుజాలూ కలుపుతూ ఒక కర్ర పెట్టారనుకోండి, ఆ కర్ర బోర్డు పొడవుకి సమాంతరంగా ఉండాలి. వెళ్లే దారి చూద్దామని ఛాతీ మొత్తాన్ని ముందుకి తిప్పేస్తాం, అది సహజం. కానీ భుజాలు ఎటు తిరిగితే కాసేపటికి తుంటి అటే, కాళ్లు అటే, చివరికి బోర్డూ అటే. గాల్లో బోర్డు దానంతట అదే అడ్డం తిరిగిపోతోందని చెప్పేవాళ్లలో చాలామంది సమస్య ఇదే. తల ఒక్కటే తిప్పండి, ఛాతీని పక్కకే ఉంచండి. తొక్కుతూ వెళ్లేటప్పుడు కళ్లు రెండు మూడు మీటర్ల ముందు నేల మీద ఉండాలి. ట్రిక్ వేసే క్షణంలో బోర్డు చూసుకోవచ్చు, అప్పుడు కూడా ముందు బోల్టుల్ని చూడండి, టెయిల్‌ని చూస్తే బరువు కూడా అటే పోతుంది.

రోజూ చేయాల్సినవి

అన్నిటికన్నా ఎక్కువ పని చేసింది, అన్నిటికన్నా బోరు కొట్టేది ఒకటే: ఒంటికాలి మీద తొక్కుతూ పోవడం. ముందు కాలు ముందు బోల్టుల మీద పెట్టి వెనక కాలితో నేలని నెట్టాక, ఆ కాలిని వెంటనే బోర్డు మీద పెట్టేయకుండా గాల్లోనే ఉంచి ఎంతదూరం పోగలరో చూడండి. మొదట్లో ఒక సెకను కూడా నిలవదు. అయిదు సెకన్లు వచ్చాక, బోర్డు మీద నా నడకే మారిపోయింది. పనిలో పనిగా రెండో కాలితో కూడా చేయండి. చచ్చేంత విసుగు, అయినా సరే.

తర్వాతది ఎగిరి దిగడం. మామూలుగా నడిచే వేగంతో పోతూ, టెయిల్ కొట్టకుండా, బోర్డుని అస్సలు కదపకుండా నిలువుగా రెండు అంగుళాలు ఎగిరి మళ్లీ రెండు కాళ్లూ బోల్టుల మీదే దిగాలి. వినడానికి తేలికే. ముందుకో వెనక్కో నెట్టి ఎగిరామా, బోర్డు అటు పోతుంది, మనం ఇటు. మీరు నిజంగా నిలువుగా ఎగురుతున్నారో లేదో చెప్పడానికి ఇంతకు మించిన పరీక్ష నాకు కనిపించలేదు. ఇది పదికి ఎనిమిదిసార్లు కుదిరేదాకా ఓలీ జోలికి వెళ్లకపోయినా నష్టం లేదు. కదులుతుండగానే కూర్చుని చేత్తో బోర్డుని తాకి లేవడం కూడా దీంతో కలిపి చేసుకోండి, మోకాళ్లకి అలవాటవుతుంది.

కిక్‌టర్న్, టిక్‌ట్యాక్ కూడా వదలకండి. టెయిల్ మీద కాస్త బరువు వేసి ముందు చక్రాల్ని లేపి పక్కకి తిప్పడమే కిక్‌టర్న్, దాన్నే అటూ ఇటూ వరసగా చేస్తే టిక్‌ట్యాక్. ఇక్కడ బరువు ఇరుసు దాటే ఆ గీత ఎక్కడుందో పాదాలకి తెలుస్తుంది. అది తెలిశాక మాన్యువల్ మొదలుపెట్టండి. వెనక చక్రాల మీద టెయిల్ నేలకి తగలకుండా పోవాలి. చాలామంది ఒంటిని మొత్తం వెనక్కి వాల్చేస్తారు, అప్పుడు బోర్డు ముందుకి దూసుకుపోయి మనం వెల్లకిలా పడతాం. వాలడం కన్నా తుంటిని వెనక ట్రక్కు పైకి జరపండి, వెనక మోకాలు వంచే ఉంచండి, సర్దుకోవడమంతా ముందు కాలు మడమని నొక్కుతూ వదులుతూ చేయాలి.

బోర్డు లేనప్పుడు ఒంటికాలి మీద కళ్లు మూసుకుని నిలబడండి. మనం నిలబడటానికి మెదడు మూడు చోట్ల నుంచి సమాచారం తీసుకుంటుంది: కళ్లు, లోపలి చెవి, కీళ్లూ కండరాలూ. కళ్లు మూసేస్తే మిగతా రెండూ పని చేయక తప్పదు, చీలమండ చుట్టూ ఉన్న చిన్న కండరాలు వణుకుతూ నేర్చుకుంటాయి. పళ్లు తోముకునేటప్పుడు చేసినా చాలు, పక్కన గోడ ఉంటే మంచిది.

ఓలీ దగ్గరికి వస్తే

ఓలీకి ఆ పేరు అలన్ గెల్ఫాండ్ అనే కుర్రాడి ముద్దుపేరు నుంచి వచ్చింది. అతను దాన్ని 1970ల చివర్లో వాలు గోడల మీద చేశాడు. ఎక్కుతున్న గోడ బోర్డుని పైకి తెచ్చి ఇస్తుంది కాబట్టి అక్కడ సగం పని గోడదే. సమతలమైన నేల మీదికి దాన్ని తెచ్చింది రాడ్నీ ముల్లెన్, 1980ల మొదట్లో. ఆయన ఫ్రీస్టైల్ మనిషి, అంటే చదునైన నేల మీద బోర్డుని నిలబెట్టి, తిప్పి, దాని అంచుల మీద కూడా నిలబడి సాధన చేసినవాడు. గోడ సాయం లేనిచోట అలాంటి నిలకడ ఉన్నవాడికే అది దొరికిందంటే నాకేమీ ఆశ్చర్యం లేదు.

చాలామంది గడ్డి మీదో తివాచీ మీదో ఓలీ మొదలుపెడతారు. కాళ్ల కదలిక నేర్చుకోవడానికి అది బాగుంటుంది, భయం పోతుంది. కానీ గడ్డిలో చక్రాలు కదలవు కదా, మీరు వెనక్కి వాలినా బోర్డు జారదు. తప్పు చేస్తున్నా తెలియదు. నెల రోజులు గడ్డి మీద చేసి సిమెంటు నేల మీదికి రాగానే బోర్డు రాకెట్‌లా ముందుకి దూసుకుపోయేది అందుకే. వారం రోజులు చాలు గడ్డి మీద. తర్వాత నడక వేగంతో కదులుతూ చేయండి, మరీ మెల్లగా వద్దు, అప్పుడు చిన్న గులకరాయి కూడా చక్రాన్ని ఆపేస్తుంది.

బోర్డు ముందుకి జారిపోతుంటే మీ బరువు వెనక ఉంది, టెయిల్ కొట్టబోయేటప్పుడు ముందు వైపు భుజాన్ని నోస్ వైపుకి కొంచెం దించి చూడండి. బోర్డు వెనకే ఉండిపోయి మీరు ముందుకి పోతుంటే దానికి తిరగేసి. ఒక్క కాలే దిగుతుంటే, మామూలుగా వెనక కాలు నేల మీద పడుతుంటే, అది సగం బ్యాలెన్స్, సగం భయం. మనసు లోపల బయటపడే దారి వెతుక్కుంటుంది, ఒక కాలిని నేల కోసం అట్టే పెట్టుకుంటుంది. ఇంకాస్త తక్కువ ఎత్తు ఎగరండి, కానీ రెండు కాళ్లూ దించండి. కిక్‌ఫ్లిప్‌లో (ఎగిరి బోర్డుని దాని పొడవు వెంబడి ఒక చుట్టు తిప్పే ట్రిక్‌లో) కూడా ఇదే కథ, అక్కడ బోర్డు అంచు మీద నిలబడిపోయి దాని మీద పాదం పడితే నొప్పి మరీ ఎక్కువ.

దిగడం ఎప్పుడూ బోల్టుల మీదే. డెక్ మధ్యలో దిగితే విరుగుతుంది, టెయిల్ మీద దిగితే జారుతుంది. దిగిన వెంటనే మోకాళ్లు ఇంకా లోతుగా వంగాలి. నేను పెట్టుకున్న నియమం ఏమిటంటే, దిగాక మూడు బోర్డుల పొడవు దొర్లితేనే ఆ ట్రిక్ లెక్కలోకి వస్తుంది. దిగి గెంతేస్తే సున్నా.

పడటం ఎలాగూ తప్పదు. హెల్మెట్, మణికట్టు గార్డులు వేసుకోండి. పడేటప్పుడు చేయి కర్రలా చాపకండి, మోచేయి వంచి భుజం మీదుగా దొర్లండి. గడ్డి మీద మోకాళ్ల మీద కూర్చుని ఇలా దొర్లడం ముందే అలవాటు చేసుకుంటే, నిజంగా పడ్డప్పుడు ఒళ్లు దానంతట అదే చేస్తుంది, ఆ టెన్షన్ తగ్గితే దిగడం కూడా మెరుగవుతుంది.

వారానికి ఒకసారి ఫోన్‌ని నేల మీద బూటుకి ఆనించి, పక్క నుంచి వీడియో తీసుకోండి. కాళ్లని చూడకండి, టెయిల్ నేలకి తగిలే ఫ్రేమ్ దగ్గర ఆపి తుంటి ఎక్కడుందో చూడండి: రెండు ట్రక్కుల మధ్య ఉందా, బయట ఉందా. నా వీడియోల్లో మొదటి అరగంట లోపలే ఉండేది, కాళ్లు అలిసిపోయాక మెల్లగా బయటికి వచ్చేది. ఇప్పుడు వరసగా మూడుసార్లు అలా కనిపిస్తే బోర్డు చంకన పెట్టుకుని ఇంటికి వెళ్లిపోతున్నాను.