కొత్త వెర్షన్ వచ్చిందంటే ముందు ఏం చదవాలి, ఏ కోర్సు పట్టుకోవాలి: బెంగళూరులో ఉన్న మన డెవలపర్ పిల్లలకి

మారతహళ్ళి, బీటీఎం వైపు ఏ పీజీకి వెళ్ళినా మన తెలుగు పిల్లలు ఇద్దరు ముగ్గురైనా కనిపిస్తారు, ఒకరు జాబ్‌లో చేరి ఆరునెలలు అయుంటుంది, ఇంకొకరు ఇంకా ఇంటర్వ్యూలకి తిరుగుతుంటారు, కానీ అడిగే ప్రశ్న మాత్రం అందరిదీ ఒకటే, అన్నా ఏ కోర్సు కొనమంటావ్, కొత్తగా ఫలానా టూల్ వచ్చిందంట అది నేర్చుకోవాలా, ఇప్పటిదాకా నేర్చుకున్నది వేస్టేనా అని. నేను చెప్పేది కూడా ఎప్పుడూ ఒకటే. వీడియో చూసినా, కోర్సు కొన్నా, ఎవరో రాసిన కోడ్ కాపీ చేసినా, ముందు "ఇది ఏ వెర్షన్‌కి చెప్పింది?" అని అడగండి. ఈ ఒక్క అలవాటు వస్తే సగం గందరగోళం పోతుంది, ఎలాగో చెప్తా.

రియాక్ట్ (వెబ్‌సైట్ స్క్రీన్లు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) సంగతే తీసుకోండి. 2020లోనో 2021లోనో చేసిన కోర్సు ఏది తెరిచినా మొదటి పాఠంలోనే క్రియేట్ రియాక్ట్ యాప్ (కొత్త ప్రాజెక్ట్ సెటప్ చేసిపెట్టే టూల్) అని కొట్టిస్తారు. రియాక్ట్ టీమే 2025 ఫిబ్రవరిలో దాన్ని ఆపేస్తున్నాం, కొత్త ప్రాజెక్టులకి వాడొద్దు, ఏదైనా ఫ్రేమ్‌వర్క్ గానీ వీట్ లాంటి బిల్డ్ టూల్ గానీ వాడుకోండి అని రాసింది. వాళ్ళ డాక్యుమెంటేషన్ కూడా 2023 మార్చిలో కొత్త సైట్‌కి మారింది, అందులో పాఠాలన్నీ హుక్స్‌తోనే ఉంటాయి. మన పిల్లలేమో పాత కోర్సు పెట్టుకుని, మొదటి కమాండ్‌కే స్క్రీన్ నిండా వార్నింగులు వస్తే తప్పు తమదే అనుకుని రాత్రంతా కూర్చుంటారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. తప్పు మీది కాదు, పాఠం పాతది అంతే.

పైథాన్‌లో కూడా ఇదే కథ. 3.12 వచ్చినప్పుడు డిస్ట్‌యుటిల్స్ అనే మాడ్యూల్ తీసేశారు, 3.13లో అయితే సీజీఐ, టెల్నెట్‌లిబ్ లాంటి పాత మాడ్యూల్స్ మొత్తం 19 పోయాయి. "నో మాడ్యూల్ నేమ్డ్ డిస్ట్‌యుటిల్స్" అని ఎర్రర్ వస్తే అర్థం మీ మెషీన్ పాడైందని కాదు, ఆ ప్యాకేజీ పాత పైథాన్‌కి రాసింది, కొత్త వెర్షన్ ఉందేమో చూడాలి, లేదంటే దానికి పడే పైథాన్ వేరే ఎన్విరాన్‌మెంట్‌లో (మిగతావాటికి తగలకుండా విడిగా ఉండే చోట) పెట్టుకోవాలి.

సరే, మరి కొత్తవి ఎప్పుడు వస్తాయో ఎలా తెలుస్తుంది అంటే, రోజూ న్యూస్ చూడాల్సిన పనే లేదు. పెద్ద టూల్స్ చాలావాటి రిలీజ్‌లు పండగల్లాగా ముందే క్యాలెండర్‌లో ఉంటాయి. పైథాన్ ఏటా అక్టోబర్‌లో ఒకటి, ఒక్కో వెర్షన్‌కి ఐదేళ్ళ సపోర్ట్. జావా మార్చిలో ఒకటి సెప్టెంబర్‌లో ఒకటి, కానీ కంపెనీలు పట్టుకునేవి ఎల్‌టీఎస్‌లే (ఎక్కువ ఏళ్ళు సపోర్ట్ ఇచ్చే వెర్షన్లు), అంటే 8, 11, 17, 21, ఇప్పుడు 2025 సెప్టెంబర్‌లో వచ్చిన 25. నోడ్‌లో (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది) ఇప్పటిదాకా సరి సంఖ్యలే ఎల్‌టీఎస్ అయ్యాయి, 20, 22, 24 ఇలా, కాబట్టి ఆఫీస్ పనికి 23 వేసుకోవడం దండగ. గో భాష ఫిబ్రవరి, ఆగస్టు. రస్ట్ ఆరు వారాలకోసారి. ఉబుంటు అయితే నంబర్‌లోనే సంవత్సరం, నెల ఉంటాయి, 24.04 అంటే 2024 ఏప్రిల్. మీరు రోజూ వాడేవి ఓ నాలుగైదు ఉంటాయి కదా, వాటి నెలలు ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి, మిగతావి వదిలేయండి. ఏ వెర్షన్‌కి సపోర్ట్ ఎప్పుడు అయిపోతుందో చూడ్డానికి ఎండాఫ్‌లైఫ్ డాట్ డేట్ అని ఒక సైట్ ఉంది, దాదాపు అన్నీ ఒకేచోట దొరుకుతాయి, బుక్‌మార్క్ చేసుకోండి.

చిన్న లైబ్రరీలకి క్యాలెండర్ ఉండదు, వాటికి గిట్‌హబ్‌లో ఆ రిపో (ఆ లైబ్రరీ కోడ్ ఉండే పేజీ) తెరిచి వాచ్ బటన్ నొక్కి కస్టమ్‌లో రిలీజెస్ ఒక్కటే టిక్ పెట్టండి. అన్నీ టిక్ పెడితే ప్రతి ఇష్యూకి మెయిల్ వస్తది, రెండు రోజుల్లో విసుగొచ్చి మొత్తం ఆపేస్తారు. మెయిల్ ఇష్టం లేనివాళ్ళు రిలీజెస్ పేజీ అడ్రస్ చివర డాట్ యాటమ్ అని తగిలిస్తే ఫీడ్ (కొత్త రిలీజ్‌ల లిస్ట్) వస్తుంది, ఏ ఫీడ్ రీడర్‌లో అయినా పెట్టుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయం, రిలీజ్ నోట్స్ చదవడం. మనవాళ్ళు చాలామంది తెరవగానే కొత్త ఫీచర్లు చూసి మూసేస్తారు. కింద నుంచి పైకి రండి అంటాను నేను. ముందు ఏం తీసేశారు, ఏం మార్చారు అనేది, అంటే రిమూవ్డ్, బ్రేకింగ్ ఛేంజెస్ అని ఉండే భాగం. తర్వాత డెప్రికేటెడ్, అంటే ఇప్పుడు పనిచేస్తుంది కానీ ముందు ముందు పోతుంది అని ముందే చెప్పే లిస్ట్. తర్వాత మైగ్రేషన్ గైడ్ ఉంటే అది, సెక్యూరిటీ ఫిక్స్‌లు ఉంటే అవి, కొత్త ఫీచర్లు ఆఖర్న. ఇంకో మాట, చాలా లైబ్రరీలు మొదటి అంకె మారితేనే పాత కోడ్ పగిలే మార్పులు పెడతాం అనే పద్ధతి పాటిస్తాయి, కానీ అందరూ కాదు, పైథాన్‌లో 3.11 నుంచి 3.12కి వెళ్ళినా పాతవి పోతాయని పైనే చూశాం కదా, అందుకే నంబర్ చూసి ధైర్యపడకుండా నోట్స్ చదవాలి.

గో 1.22 నోట్స్ దీనికి మంచి పాఠం, 2024 ఫిబ్రవరిలో వచ్చింది. అంతకుముందు గో లో ఫర్ లూప్ రాస్తే లూప్ వేరియబుల్ అన్ని రౌండ్లకీ ఒకటే ఉండేది, లోపల గోరొటీన్లు (పక్కపక్కనే నడిచే పనులు) స్టార్ట్ చేస్తే అన్నీ తరచుగా ఆఖరి విలువనే పట్టుకునేవి, అందుకే అందరూ లోపల ఇంకోసారి కాపీ చేసుకునే లైన్ ఒకటి రాసేవాళ్ళు, ఇంటర్వ్యూల్లో కూడా ఇది ఫేమస్ ప్రశ్న. 1.22 నుంచి ప్రతి రౌండ్‌కీ కొత్త వేరియబుల్. అయితే నోట్స్ జాగ్రత్తగా చదివితే ఇంకో ముక్క కనిపిస్తుంది, ఈ మార్పు మీ గో డాట్ మాడ్ ఫైల్‌లో (ప్రాజెక్ట్ వివరాలు ఉండే ఫైల్) గో వెర్షన్ 1.22 గానీ ఆపైన గానీ రాసి ఉంటేనే పడుతుంది, కంపైలర్ ఒక్కటే కొత్తది వేస్తే పాత ప్రాజెక్ట్ పాతలాగానే నడుస్తుంది. చూశారా, ఇది తెలిసినవాడు అదే ఇంటర్వ్యూ ప్రశ్నకి ఏ వెర్షన్ నుంచి మారింది, ఏ ఫైల్ చూస్తే తెలుస్తుంది అని జవాబు చెప్తాడు, అవతలివాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది వీడు చదివొచ్చాడని. ఇందుకు డబ్బు కట్టక్కర్లేదు, అది ఒక్క పేజీ.

చదివాక ట్రై చేయడం. హలో వరల్డ్‌తో ఏమీ తెలీదు, మీరు ఇదివరకే రాసిన చిన్న ప్రాజెక్ట్ ఒకటి తీసుకుని దాన్ని కొత్త వెర్షన్ మీద నడపండి, అప్పుడే తేడా కళ్ళకి కడుతుంది. పైథాన్‌కి వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ గానీ యూవీ గానీ, నోడ్‌కి ఎన్‌వీఎం, ఏదైనా సరే డాకర్ ఇమేజ్, ఇలా పక్కన పెట్టుకుని ఆడుకోండి, సిస్టమ్‌లో ఉన్న అసలు పైథాన్‌ని మాత్రం కదపొద్దు. ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో అడక్కుండా ఏదీ ఇన్‌స్టాల్ చేయొద్దు. ఏవి పాతబడ్డాయో చూడ్డానికి నోడ్ ప్యాకేజీలకి ఎన్‌పీఎం అవుట్‌డేటెడ్ అనే కమాండ్ ఉంది, మీ దగ్గరున్న వెర్షన్, కొత్తగా వచ్చిన వెర్షన్ పక్కపక్కనే చూపిస్తుంది, పైథాన్ ప్యాకేజీలకి వాడే పిప్‌లో కూడా లిస్ట్‌కి అవుట్‌డేటెడ్ ఆప్షన్ ఇస్తే అదే పని.

కొత్తది వచ్చిన రోజే ఆఫీస్ కోడ్‌లో పెట్టేయాలన్న ఆత్రం మాత్రం వద్దు, దీని గురించి కాస్త గట్టిగానే చెప్తా. 2025 సెప్టెంబర్‌లో ఎన్‌పీఎంలో చాక్, డీబగ్ లాంటి ప్యాకేజీలు, ప్రపంచమంతా వాడేవి, వాటిని చూసుకునే మనిషికి దొంగ మెయిల్ పంపి అకౌంట్ కొట్టేసి, అందులో చెడ్డ కోడ్ కలిపి కొత్త వెర్షన్లు వదిలారు. కొన్ని గంటల్లోనే పట్టుకుని తీసేశారు, కానీ సరిగ్గా ఆ గంటల్లో అప్‌డేట్ కొట్టినవాళ్ళకే ప్రమాదం. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ (లినక్స్‌లో ఫైళ్ళు కుదించే టూల్) విషయం కూడా అంతే, 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగ తలుపు పెట్టారు, ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ తన మెషీన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (వేరే మెషీన్ నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేంటి అని తవ్వితే బయటపడింది. అందుకే మామూలు అప్‌డేట్‌ని కొన్ని రోజులు ఆగనివ్వండి, ఎన్‌పీఎం బదులు వాడే పీఎన్‌పీఎంలో అయితే ఇంత వయసు దాటిన రిలీజ్‌లే తీసుకో అని సెట్టింగే ఉంది. లాక్ ఫైల్ (ఏ ప్యాకేజీ ఏ వెర్షనో రాసి ఉండే ఫైల్) తప్పకుండా కమిట్ చేయండి. సెక్యూరిటీ ఫిక్స్ కోసమే వచ్చిన రిలీజ్ అయితే మాత్రం ఆగొద్దు, అదే రోజు మీ లీడ్‌కి చెప్పండి.

ఇక నేర్చుకునే వనరులు. నా లెక్కలో ఇవి రెండు రకాలు, త్వరగా మారేవి, మారనివి. త్వరగా మారేవాటికి అంటే ఫ్రేమ్‌వర్క్‌లు, క్లౌడ్ టూల్స్ లాంటివాటికి ఆ టూల్ వాళ్ళ సొంత డాక్యుమెంటేషనే మొదటి పాఠం. వెబ్‌కి ఎమ్‌డీఎన్ అనే డాక్యుమెంటేషన్ సైట్ ఉంది, అందులో ఏ ఫీచర్ ఏ బ్రౌజర్‌లో ఎప్పటినుంచి ఉందో కింద పట్టిక కూడా ఇస్తారు. పైథాన్, పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్) డాక్యుమెంటేషన్‌లో పేజీ పైనే వెర్షన్ మార్చుకోవచ్చు, గూగుల్‌లో వెతికితే చాలాసార్లు పాత వెర్షన్ పేజీకే తీసుకెళ్తుంది, చూసుకోండి. గోకి ఎ టూర్ ఆఫ్ గో, రస్ట్‌కి వాళ్ళ సైట్‌లోనే పూర్తి పుస్తకం, అన్నీ ఫ్రీ.

మారనివి అంటే డేటా స్ట్రక్చర్స్, ఎస్‌క్యూఎల్, నెట్‌వర్క్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్. వీటిమీద టైమ్ పెడితే పదేళ్ళయినా పనికొస్తుంది. ఎన్‌పీటీఈఎల్ ఉంది కదా, ఐఐటీలు, మన పక్కనే ఉన్న ఐఐఎస్‌సీ కలిసి నడిపేది, క్లాసులు ఫ్రీ, సర్టిఫికెట్ పరీక్షకి మాత్రమే ఫీజు, కొన్ని కోర్సుల పాఠాలు తెలుగులోకి కూడా తెచ్చారు. హార్వర్డ్ వాళ్ళ సీఎస్50 మొదటినుంచి మొదలుపెట్టేవాళ్ళకి చాలా బాగుంటుంది. షెల్, గిట్, డీబగ్గర్ లాంటి కాలేజీలో ఎవరూ చెప్పనివి నేర్చుకోడానికి ఎంఐటీ వాళ్ళ మిస్సింగ్ సెమిస్టర్ అనే చిన్న కోర్సు ఉంది, దాన్ని ప్రతి ఫ్రెషర్ చూడాలి అంటాను. టెలిగ్రామ్ గ్రూపుల్లో ఊరికే పంచే దొంగ కోర్సుల జోలికి వెళ్ళొద్దు, చెప్పినవాళ్ళ కష్టం దోచుకోవడం ఒకటి, పైగా అవి చాలావరకు పాత వెర్షన్లే.

తెలుగు మీడియంలో చదివొచ్చినవాళ్ళు ఇంగ్లిష్ డాక్యుమెంటేషన్ చూసి భయపడతారు, అది నాకు బాగా తెలుసు. ముందు తెలుగు యూట్యూబ్ వీడియో ఒకటి చూసి విషయం ఏంటో పట్టుకోండి, అందులో తప్పేం లేదు, తర్వాత డాక్యుమెంటేషన్ తెరిచి వాక్యాలు వదిలేసి కోడ్ ఉదాహరణలు మాత్రమే చదవండి, నడిపి చూడండి, అప్పుడు చుట్టూ ఉన్న ఇంగ్లిష్ దానంతట అదే అర్థమవుతుంది. నోట్స్ తెలుగులోనే రాసుకోండి.

ఏఐ వాడండి, కానీ చాట్‌జీపీటీ, కోపైలట్, క్లాడ్ ఏదైనా సరే నేర్చుకున్నది పాత కోడ్ నుంచే కాబట్టి మొన్న మారిన దాన్ని పాత పద్ధతిలో రాసిచ్చే అవకాశం ఎక్కువ. మీ వెర్షన్ నంబర్ ముందే చెప్పండి, ఆ టూల్ మైగ్రేషన్ గైడ్ పేస్ట్ చేసి దీని ప్రకారం రాయి అనండి, జవాబు చాలా మెరుగ్గా వస్తుంది. వచ్చిన ఫంక్షన్ పేరు నిజంగా ఉందో లేదో డాక్యుమెంటేషన్‌లో వెతికి చూడటం మాత్రం మానొద్దు.

బెంగళూరులో ఉండి మీటప్‌లకి వెళ్ళకపోవడం అన్యాయం. పైథాన్ వాళ్ళకి బ్యాంగ్‌పైపర్స్ అనే గ్రూప్ ఉంది, పైకాన్ ఇండియా అనే పైథాన్ కాన్ఫరెన్స్ మొదటిసారి 2009లో జరిగింది కూడా ఇక్కడి ఐఐఎస్‌సీలోనే. ఓపెన్ సోర్స్ అంటే ఇష్టమున్నవాళ్ళకి ఫాస్ యునైటెడ్ మీటప్‌లు, సర్వర్ల వైపు పనిచేసేవాళ్ళకి హాస్‌గీక్ వాళ్ళ రూట్‌కాన్ఫ్. మన ఇంగ్లిష్ బాగోదని ఆగిపోకండి, అక్కడ మీ యాక్సెంట్ ఎవరూ పట్టించుకోరు, కొత్త వెర్షన్‌కి మారినప్పుడు మీకు ఏం పగిలింది అని ఒక్క ప్రశ్న అడగండి చాలు, ఏ నోట్స్‌లోనూ రాయని సంగతులు వాళ్ళే చెప్పేస్తారు.

ఇవన్నీ చేశాక ఆఫీస్‌లో అప్‌గ్రేడ్ చేద్దాం అనిపిస్తే నోటితో చెప్పి వదిలేయకండి, ఒక పేజీ రాసి లీడ్‌కి పంపండి. ఇప్పుడు వాడుతున్న వెర్షన్ ఏది, దాని సపోర్ట్ ఏ తేదీకి అయిపోతుంది, కొత్తదాంట్లో మన కోడ్‌కి తగిలే మార్పులు ఏవి, నేను ఏ ప్రాజెక్ట్ మీద నడిపి చూశాను, ఏ టెస్టులు ఫెయిల్ అయ్యాయి, పడకపోతే వెనక్కి ఎలా వస్తాం. ఆ ఆఖరిది తప్పకుండా రాయండి, చాలామంది లీడ్‌లు ముందు చదివేది దాన్నే.