కొరియా చంగ్‌జా పాఠాలు – 4: గీయడం, నింపడం, గోకడం

పోయిన భాగంలో చేసిన మట్టి పలకలు ప్లాస్టిక్ కవర్లోనే ఉన్నాయా? ఎండిపోయి ఉంటే కొత్తవి చేసుకుని రండి. ఎండిన పలక మీద నీళ్ళు చల్లి మెత్తబరచినా ఈ పని కుదరదు, పైపొర బురదవుతుంది, లోపల మాత్రం రాయిలాగే ఉంటుంది.

ఇవాళ నేర్చుకునేది సాంగ్‌గమ్, చంగ్‌జా మీద, అంటే గాజులాంటి ఆకుపచ్చ పూత (గ్లేజ్) ఉన్న కొరియా మట్టిపాత్రల మీద చేసే పొదుగు పని. మట్టిలో బొమ్మ గీసి, ఆ గాడిలో వేరే రంగు మట్టి నింపి, పైన మిగిలినదాన్ని గోకెయ్యడం. బిద్రీ పాత్రల మీద వెండి పొదిగే పని చూసినవాళ్ళకి సగం పాఠం అయిపోయినట్టే. కొరియాని ఏలిన గొర్యో రాజ్యం (918–1392) పనివాళ్ళు కంచు మీద వెండి పొదగడంలోనూ ఆరితేరినవాళ్ళు. విల్లో చెట్లు, నీటిపక్షులు పొదిగిన కంచు కుండిక (నీళ్ళ కూజా) ఒకటి ఇప్పటికీ దక్షిణ కొరియా రాజధాని సోల్‌లోని నేషనల్ మ్యూజియంలో ఉంది, అవే చెట్లూ అవే పక్షులూ చంగ్‌జా పాత్రల మీదా కనిపిస్తాయి. కాకపోతే లోహం ఆరి కుంచించుకుపోదు, మట్టి కుంచించుకుపోతుంది. మన టెన్షన్ అంతా అక్కడే.

కొంచెం చరిత్ర, త్వరగా. 1123లో చైనా సోంగ్ రాజ్యం నుంచి దూతగా వచ్చిన షు జింగ్ గొర్యో పాత్రల ఆకుపచ్చని తెగ మెచ్చుకుని రాసుకున్నాడు, పొదుగు పని మాట మాత్రం ఎత్తలేదు. 1159లో చనిపోయిన మున్ గోంగ్‌యు అనే అధికారి సమాధిలో దొరికిన గిన్నె చూడండి: బయట చేమంతులు పొదిగారు, లోపల తీగలు. లోపలి పనిలో తిరకాసు ఉంది. తీగని కాదు, తీగ చుట్టూ ఉన్న ఖాళీని చెక్కి తెల్లమట్టి నింపారు, తీగ మాత్రం పాత్ర రంగులోనే మిగిలింది. దీన్ని తిరగేసిన పొదుగు అనుకోండి. అప్పుడే మొదలుపెట్టినవాళ్ళ చెయ్యి కాదది. నా లెక్కలో గొర్యో పనితనమంతా ఆ ఒక్క గిన్నెలో దొరుకుతుంది, పెద్ద పెద్ద జాడీల కంటే నాకదే ఇష్టం.

సరే, పనిలోకి. బొటనవేలి గోరుతో పలక అంచు నొక్కండి. గుర్తు పడాలి, గోటికి మట్టి అంటకూడదు. అంటితే ఇంకాస్త ఆగండి. ఈ దశ దాటిపోయాక గీస్తే గాడి అంచులు పెచ్చులుగా లేస్తాయి, రాకముందే గీస్తే అంచులు పక్కకి ఉబ్బుతాయి. రెండూ గోకేటప్పుడు బయటపడతాయి, అప్పటికి చేసేదేం ఉండదు.

గాడి లోతు ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు చాలు, కానీ గోడలు నిలువుగా ఉండాలి. సూదితో గీస్తే గాడి అడుగున సన్నబడుతుంది, పైన గోకేకొద్దీ గీత కూడా సన్నబడిపోయి చివరికి మాయమవుతుంది. అందుకే కొస చదునుగా ఉన్న పనిముట్టు కావాలి, పాత హ్యాక్సా బ్లేడ్ ముక్కని అరగదీసి చేసుకున్నా చాలు.

నింపే మట్టి కోసం పలక చేసిన మట్టినే తీసుకోండి. తెలుపుకి దానిలో చైనా క్లే (తెల్లటి మెత్తని మట్టి), నలుపుకి ఐరన్ ఆక్సైడ్ కలపండి. (గొర్యో వాళ్ళు నలుపు కోసం ఇనుము ఎక్కువున్న ఎర్రమట్టి వాడేవాళ్ళు, బట్టీలో అది నల్లబడేది.) ఎక్కడిదో వేరే మట్టి తెచ్చి నింపితే పలక ఒకలా, నింపుడు ఇంకోలా కుంచించుకుపోయి గాడి వెంబడి వెంట్రుకంత పగులు వస్తుంది, లేదా నింపింది మొత్తం ఊడి చేతికొస్తుంది. పెరుగంత చిక్కగా కలిపి, బ్రష్‌తో ఒక పొర వేసి, తడి మెరుపు పోయాక ఇంకో పొర, ఇలా గాడి నిండి పైకి కొంచెం ఉబ్బేదాకా వేయండి. ఒక్కసారే దట్టిస్తే ఆరాక మధ్యలో గుంట పడుతుంది. పలక ఈ దశలో చాలా అసహ్యంగా, పిల్లలు బురద పూసినట్టు కనిపిస్తుంది. కంగారుపడి తుడవకండి! తడిబట్టతో తుడిచారంటే గాడిలోది కూడా వచ్చేస్తుంది.

మళ్ళీ గోటి పరీక్ష. నింపినది పలకతో సమానంగా గట్టిపడ్డాక, బ్లేడ్‌ని ఇంచుమించు పడుకోబెట్టి పలచగా గోకండి. గీత అంచు కత్తిరించినట్టు బయటపడుతుంది, మొదటిసారి చూసినప్పుడు కలిగే ఆనందం వేరు. రెండు రంగులుంటే తెలుపు పని మొత్తం ముగించి, ఆ తర్వాతే నలుపుకి గాడి తీయండి, నలుపు తడిగా ఉండగా గోకితే తెల్లటి కొంగ బూడిదరంగు కాకి అవుతుంది.

కొంగ అన్నాను కాబట్టి, ఈ వారం పని అదే. సోల్‌లోని కాన్‌సాంగ్ మ్యూజియంలో 42 సెంటీమీటర్ల ఎత్తున్న ఒక మెబ్యాంగ్ ఉంది, అంటే ఇరుకు మూతి, వెడల్పు భుజాలు, సన్నటి నడుము ఉన్న జాడీ. ఒళ్ళంతా కొంగలు, మబ్బులు. ఫొటో తెరిచి చూడండి: వలయాల లోపలి కొంగలు పైకి ఎగురుతుంటే బయటివి కిందికి దిగుతుంటాయి. మ్యూజియం అద్దాల వెనక ఇంత దర్జాగా కనిపించే మెబ్యాంగ్‌లు ఆ రోజుల్లో వంటింటి సరుకు కూడా మోసేవి. కొరియా పడమటి తీరంలోని టేఆన్ దగ్గర సముద్రంలో దొరికిన ఓడలో రెండు మెబ్యాంగ్‌లకి వెదురు చీటీలు కట్టి ఉన్నాయి, ఒకదానిలో తేనె, ఇంకోదానిలో నువ్వుల నూనె అని.

మీరు జాడీ జోలికి వెళ్ళొద్దు. ఒక పలక మీద ఒక్క వలయం, లోపల ఒక్క కొంగ. ఒళ్ళు తెలుపు, ముక్కు, కన్ను, కాళ్ళు నలుపు. వలయానికి పక్కపక్కనే ఒక తెల్ల గీత, ఒక నల్ల గీత. కొంగ కంటే ఆ జంట గీతలే కష్టం, మధ్యలో మిగిలే సన్నటి మట్టి విరగకుండా రెండో గాడి తీయాలి.

పలకని గాలి తగలకుండా నెమ్మదిగా ఆరబెట్టండి. గ్లేజ్ గురించి తర్వాతి భాగంలో. ఒక్క మాట ఇప్పుడే చెప్పేస్తా: ఆ ఆకుపచ్చ రంగు గ్లేజ్‌లోని కాస్త ఇనుము వల్ల, బట్టీలో గాలి తగ్గించి సుమారు 1,200 డిగ్రీల వేడిలో కాల్చడం వల్ల వస్తుంది. మామూలు కరెంటు బట్టీలో అదే గ్లేజ్ పసుపుకో గోధుమరంగుకో తిరుగుతుంది, కాబట్టి స్టూడియోలో డబ్బు కట్టే ముందు అక్కడున్నది గ్యాస్ బట్టీయా కాదా అడిగి రండి.