దూరపు పరుగు, 5వ పాఠం: 220 లోంచి వయసు తీసేయడం మానండి

ఈసారి వారం ప్రణాళిక వేద్దామని మాటిచ్చాను. నేను చెప్పిన ముప్పై నిమిషాల పరుగు పరీక్ష (మీ గుండె వేగం హద్దు తెలుసుకోవడానికి) చేసి మీరు పంపిన అంకెలు చూశాక, దాన్ని చివరికి నెట్టక తప్పలేదు.

చాలామంది కదిలిపోతున్న బస్సు వెంట పడ్డట్టు మొదలెట్టి, పదిహేనో నిమిషానికి నడక పట్టారు. కొంత తప్పు నాదే. ‘ఒకే ఊపులో’ అన్నానే గాని ఏ ఊపో చెప్పలేదు. మీ 10కె (పది కిలోమీటర్ల) పోటీ వేగంతో మొదలెట్టండి. పది నిమిషాలు కాగానే వాచీలో ల్యాప్ బటన్ నొక్కండి. మిగిలిన ఇరవై నిమిషాల సగటు గుండె వేగమే మీ త్రెషోల్డ్, అంటే దాటితే ఎక్కువసేపు నిలవలేని హద్దు. ఒంటరిగా పరుగెత్తండి. గుంపులో అయితే అది పక్కవాడి పరీక్ష అవుతుంది.

తొమ్మిదింటి ఎండలో చేసినవాళ్ళు మళ్ళీ తెల్లవారుజామున చేయండి. వేడిలో రక్తం చర్మం వైపు మళ్ళుతుంది, చెమటతో నీరు పోతుంది. అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. మణికట్టు వాచీ మొదటి నిమిషం నుంచి చివరిదాకా 176 దగ్గరే ఉంటే మాత్రం ఓసారి అడుగులు లెక్కపెట్టండి. నిమిషానికి అవీ 176 అయితే వాచీ గుండెను కాదు, కాళ్ళను కొలుస్తోంది. గుండె వేగం కొలిచే ఛాతీ పట్టీ కొనండి. షూస్ కన్నా ముందు కొనాల్సింది అదేనని నా పిచ్చి.

ఇక అసలు చిరాకు. పరీక్ష ఎగ్గొట్టి, 220 లోంచి వయసు తీసేసి ‘నా గరిష్ఠం (గుండె కొట్టుకోగల అత్యధిక వేగం) 186 సార్’ అన్నవాళ్ళున్నారు. 1971లో ఫాక్స్, నాటన్, హాస్కెల్ అనే ముగ్గురు పరిశోధకులు, అప్పటికే ఉన్న అధ్యయనాల అంకెలు గ్రాఫు మీద పెట్టి, వాటి మధ్యగా చూచాయగా అనుకున్న గీత అది. దానికోసం విడిగా ప్రయోగమేమీ జరగలేదు. 2001లో తనకా అనే పరిశోధకుడి బృందం ఇచ్చిన 208 − 0.7 × వయసు కాస్త మెరుగు. కానీ అదీ సగటే. మనిషికీ మనిషికీ అటూ ఇటూ పది, పన్నెండు తేడా మామూలు.

ఆ తేడా ఏం చేస్తుందో చూడండి. 34 ఏళ్ళవాడికి సూత్రం 186 అంది. అసలు గరిష్ఠం 171 అనుకుందాం. 80 శాతం ‘ఈజీ’ అనుకుని 149 దగ్గర పరుగెత్తాడు. అది అతని గుండెకు 87 శాతం. రోజూ టెంపో పరుగే, అంటే గట్టి పరుగే! మూడు వారాలకి కాళ్ళు సీసం అవుతాయి, ‘శాస్త్రీయ శిక్షణ’ను తిడతాడు. నాది తిరగేసిన కథ. 51 ఏళ్ళకి సూత్రం 169 అంటుంది. ఫ్లైఓవర్ ఎక్కుతూ 182 చూశాను. సూత్రాన్ని నమ్మిన ఏడాదంతా ముసలి ఎద్దులా నడిచాను.

కాబట్టి గరిష్ఠం జోలికే పోను. త్రెషోల్డ్‌లో 85 శాతం నా ఈజీ పరుగుకి పైహద్దు. మీది 165 అయితే 140. సరిచూసుకోవడానికి పదమూడో ఎక్కం పైకి చదవండి. ‘పదమూడు రెళ్ళు ఇరవయ్యారు’ మధ్యలో ఊపిరి తెగితే, వాచీ ఏమన్నా సరే, వేగం తగ్గించండి.

ప్రణాళిక, టూకీగా: వారానికి ఐదు పరుగులు. ఒకటి గట్టిది, ఒకటి పొడుగుది, మిగతా మూడూ ఎక్కం చదవగలిగేవి. పొడుగుది కూడా ఎక్కం దాటకూడదు. ప్రతి పరుగు అయిన అరగంటకి శ్రమకు 0 నుంచి 10 లోపు మార్కు వేసి, నిమిషాలతో హెచ్చవేయండి. వ్యాయామ శాస్త్రవేత్త కార్ల్ ఫాస్టర్ పద్ధతి ఇది. 60 నిమిషాలు × 3 = 180. 40 నిమిషాలు × 7 = 280. పొట్టి పరుగే ఎక్కువ ఖర్చు పెట్టించింది చూశారా?

అభ్యాసం: పరీక్ష మళ్ళీ చేయండి. తర్వాత మూడు వారాలు, వారానికి మూడేసి సార్లు, ఒకే దారిలో, ఒకే వేళకి, హద్దు దాటకుండా 45 నిమిషాలు. ఫ్లైఓవర్ మీద హద్దు దాటుతుంటే నడవండి. ఎవరు చూసినా సరే. తొమ్మిది పరుగుల దూరం, సగటు గుండె వేగం, మార్కు, ఆ పూట ఉష్ణోగ్రత కాగితం మీద రాసి పంపండి. వాచీ స్క్రీన్‌షాట్లు చూడను.