డప్పు పాట మిక్స్‌లో టేప్ ప్లగిన్ ఎలా వాడాలి?

నల్గొండలోనో, పాలమూరులోనో చిన్న గదిలో రికార్డు చేసిన జానపద పాటలు వింటే ఒక ఇబ్బంది తరచూ కనిపిస్తుంది. గొంతు బాగుంటుంది, దరువు బాగుంటుంది, కానీ డప్పు మీద సిటికెన పుల్ల పడ్డప్పుడల్లా చెవిలో గుచ్చుకుంటుంది. కండెన్సర్ మైకు, డిజిటల్ ఇంటర్‌ఫేస్ కలిసి ఆ దెబ్బను ఉన్నదున్నట్టు పట్టేస్తాయి. పాత స్పూల్ టేపు అలా పట్టదు. దాని అయస్కాంత పూతకు ఒక హద్దు ఉంది. అది దగ్గరపడ్డాక సిగ్నల్ ఎంత పెంచినా టేపు మీద నమోదయ్యేది ఆ మేరకు పెరగదు. దెబ్బ మొన అరుగుతుంది, దాంతోపాటు కొత్త హార్మోనిక్స్ (అసలు స్వరానికి రెట్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే పై స్వరాలు), ముఖ్యంగా మూడోది, పుడతాయి. టేప్ ప్లగిన్, అంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో కలుపుకునే చిన్న ప్రోగ్రామ్, లెక్కగట్టి చేసేది ఈ పనే.

ఏది కొనాలన్న బెంగ అక్కర్లేదు. చౌ టేప్ మోడల్ ఉచితం, రీపర్, ఎఫ్ఎల్ స్టూడియో లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లలో నడుస్తుంది. స్టూడర్, యాంపెక్స్ అనే పాత టేప్ మెషీన్ల పోలికలో చేసిన ఖరీదైనవీ ఉన్నాయి. బటన్ల పేర్లు కాస్త మారినా పద్ధతి ఒకటే.

ముందు ట్రాక్ శుభ్రం చేయండి

టేపు పెద్ద దెబ్బలను నొక్కుతుంది, తర్వాత మనం లెవల్ పెంచుతాం. దాంతో అడుగున దాగిన చప్పుడంతా పైకి తేలుతుంది. ఎండాకాలం ఫ్యాను ఆపి పాడించడం కష్టమే, అయినా టేకు నడిచినంతసేపు ఆపాల్సిందే. పన్నెండు మెట్ల కిన్నెర లాంటి మెత్తటి వాద్యానికి ఇది మరీ ముఖ్యం. చరణాల మధ్య ఖాళీలు కత్తిరించండి. గొంతులో ‘స’, ‘శ’ గీసుకుంటుంటే వాటిని తగ్గించే డీ-ఎస్సర్ టేపుకు ముందే పెట్టండి. టేపులో నలిగిన ‘స’ను తర్వాత బాగుచేయడం చాలా కష్టం.

వరుస ఇలా ఉండాలి: నాయిస్ తీసివేత, డీ-ఎస్సర్, టేప్, ఈక్యూ (స్వరాల పాళ్లు సరిచేసేది), కంప్రెసర్ (హెచ్చుతగ్గులు సర్దేది). రివర్బ్ (గది ప్రతిధ్వని) వేరే సెండ్‌లో, అంటే పక్కన కలిపే దారిలో.

ఇంకో మాట. టేకుల మధ్య డప్పు చల్లబడి తోలు వదులైతే ఏ ప్లగినూ కాపాడలేదు, టేపు ఆ మొద్దుదనాన్ని ఇంకా పెంచుతుంది. మళ్లీ మంట మీద కాచి కొట్టించాల్సిందే.

అసలు పని ఇన్‌పుట్ లెవల్

ప్లగిన్‌కు ముందు ఒక వీయూ మీటర్ (సగటు లెవల్‌ను ముల్లుతో చూపేది) పెట్టి, సున్నా వీయూ అంటే మైనస్ 18 డీబీఎఫ్ఎస్ (డిజిటల్ గరిష్ఠాన్ని సున్నాగా తీసుకుని కొలిచే డెసిబెల్) అని సెట్ చేయండి. మీ ప్లగిన్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే దాన్నే తీసుకోండి. గొంతు ట్రాక్‌లో ముల్లు మైనస్ 3కూ సున్నాకూ మధ్య ఆడాలి.

డప్పుకు ఈ లెక్క పనికిరాదు, చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. వీయూ ముల్లు పూర్తిగా లేవడానికి దాదాపు 300 మిల్లీసెకన్లు పడుతుంది. పుల్ల దెబ్బ అంతకంటే ఎంతో ముందే అయిపోతుంది. ముల్లు చూపేదానికంటే అసలు శిఖరం 10 డీబీకి పైగా ఎత్తున ఉండవచ్చు. అందుకే డప్పు ట్రాక్‌లో ముల్లును మైనస్ 10, మైనస్ 7 మధ్యే ఉంచండి. సున్నా దాకా తెచ్చారంటే డప్పు పోయి అట్టపెట్టె మోత మిగులుతుంది.

ఇన్‌పుట్ 3 డీబీ పెంచినప్పుడల్లా అవుట్‌పుట్ దాదాపు అంతే తగ్గించండి. తర్వాత లౌడ్‌నెస్ మీటర్‌తో ప్లగిన్ ఉన్నప్పుడూ లేనప్పుడూ అర డీబీ తేడా లోపల ఉండేలా సరిచూడండి. చెవికి గట్టిగా వినిపించేదే బాగున్నట్టు తోస్తుంది కాబట్టి, ఈ సర్దుబాటు లేకుండా బైపాస్ నొక్కి (ప్లగిన్‌ను తప్పించి) పోల్చడం వృథా.

వేగం, బయాస్, ఊగిసలాట

టేపు సెకనుకు 15 అంగుళాలు కదిలే వేగంలో కింది స్వరాల్లో ఒక ఉబ్బు వస్తుంది. డోలుకు అది నిండుదనం ఇస్తుంది. 30 అంగుళాలకు పెంచితే ఆ ఉబ్బు రెట్టింపు ఫ్రీక్వెన్సీకి జరుగుతుంది, పై స్వరాలు తేటగా ఉంటాయి. ఏడున్నర అంగుళాల్లో పై స్వరాలు త్వరగా నలుగుతాయి, పాత క్యాసెట్ వాసన కావాలంటే తప్ప దాని జోలికి పోవద్దు. డోలుకూ సింథ్ బేస్‌కూ రెంటికీ 15 పెడితే అడుగంతా బురద అవుతుంది. ఒకటి 30లో ఉంచండి.

బయాస్‌ను, అంటే రికార్డింగ్‌లో టేపుకు కలిపే చెవికందని పై ఫ్రీక్వెన్సీ సిగ్నల్‌ను, కదపకపోవడమే మేలు. పెంచితే పై స్వరాలు మెత్తబడతాయి, తగ్గిస్తే మెరుపుతోపాటు గరుకుదనం వస్తుంది.

వావ్, ఫ్లటర్ అంటే టేపు వేగంలో ఊగిసలాట. హార్మోనియం, కిన్నెర, శ్రుతి ట్రాకుల్లో సున్నా చేయండి, లేకపోతే శ్రుతి తప్పినట్టే ఉంటుంది. హిస్ (టేపు సుయ్‌మనే చప్పుడు) కూడా ఆపేయండి. 16 ట్రాకుల్లో అదే స్థాయిలో హిస్ ఉంటే అన్నీ కలిసి 12 డీబీ పెరుగుతుంది.

కంప్యూటర్‌తో వచ్చే చిక్కులు

కొత్తగా పుట్టిన హార్మోనిక్స్ 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటు ఉన్న సెషన్‌లో, అందులో సగమైన 24 కిలోహెర్ట్జ్ దాటితే కిందికి మడతపడి, పాటతో సంబంధం లేని గీరుడు శబ్దంగా తిరిగొస్తాయి. ఓవర్‌శాంప్లింగ్, అంటే ప్లగిన్ లోపల ఎక్కువ శాంపిల్ రేటుతో లెక్కగట్టడం, దీనికే. పని చేస్తున్నప్పుడు 2 రెట్లు, బౌన్స్ చేసేటప్పుడు (చివరి ఫైలు తీసేటప్పుడు) 4 రెట్లు చాలు. పాత ల్యాప్‌టాప్ మొరాయిస్తే డప్పులన్నీ ఒకే బస్‌లో (ఉమ్మడి ట్రాక్‌లో) కలిపి అక్కడ ఒక్క ప్లగిన్ పెట్టండి. గాయకుడు హెడ్‌ఫోన్‌లో వింటూ పాడుతున్నప్పుడు మాత్రం బైపాస్ చేయండి, ఆలస్యం వల్ల తాళం తప్పుతాడు.

సగం టేపు, సగం అసలు శబ్దం కావాలంటే ప్లగిన్‌లోని మిక్స్ నాబ్ వాడండి. ట్రాక్‌ను కాపీ చేసి కలిపితే ఫేజ్ (అలల పొంతన) మారి, డోలు అడుగు పలచబడవచ్చు.

చివర మాస్టర్ ట్రాక్‌లో, లిమిటర్‌కు (శిఖరాలను హద్దు దాటనివ్వనిది) ముందు, ఇంకోటి పెట్టొచ్చు. ముల్లు మైనస్ 4 దాటకూడదు. లిమిటర్ సీలింగ్ మైనస్ 1 డీబీ ట్రూ పీక్ (శాంపిళ్ల మధ్య లేచేదీ కలిపిన అసలు శిఖరం), ఎందుకంటే యూట్యూబ్‌కు ఎక్కించాక కుదింపులో శిఖరాలు మళ్లీ లేస్తాయి. ఫైలు తీశాక ఫోన్ స్పీకర్‌లో ఒకసారి, బతుకమ్మ ఆటకు తెచ్చే పెద్ద డీజే బాక్సుల్లో వీలైతే ఒకసారి వినండి. బాక్సుల్లో మాత్రమే గుమ్మని మోగుతుంటే మాస్టర్ మీది వేగాన్ని 15 నుంచి 30కి మార్చి మళ్లీ బౌన్స్ చేయండి.