పాత పెట్రోల్ ట్రాక్టర్‌కి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఎలా బిగించాలి?

"పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టించాను, నెల తిరక్కుండానే పోయింది, పాతదే నయం" అనే మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. పాయింట్లంటే కరెంటుని కలుపుతూ విడదీస్తూ స్పార్క్ పుట్టించే చిన్న లోహపు స్విచ్చి. మాడ్యూల్ అదే పని ఎలక్ట్రానిక్‌గా చేస్తుంది. మాడ్యూల్ దానంతట అది పోవడం అరుదు. తప్పుడు కరెంటు ఇచ్చి మనమే కాల్చేస్తాం. ఈ పని మొత్తానికి ఒక పూట చాలు. అందులో మల్టీమీటర్ పట్టుకుని నిదానంగా కూర్చోవాల్సింది ఒక అరగంట. చాలామంది వదిలేసేది సరిగ్గా ఆ అరగంటే.

డీజిల్ ట్రాక్టర్‌కి స్పార్క్ ప్లగ్గే ఉండదు కాబట్టి దానికి ఇదేదీ వర్తించదు. ఇది ఫోర్డ్ 8ఎన్, ఫెర్గూసన్ టీఈ20, ఫార్మాల్ హెచ్ లాంటి 1940లు, 50ల నాటి పెట్రోల్, కిరోసిన్ ట్రాక్టర్ల కోసం. ఫార్మాల్ హెచ్‌లో కొన్నింటికి డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ని ఒక్కో ప్లగ్గుకి పంచే భాగం) బదులు మాగ్నెటో (బ్యాటరీ లేకుండా తనే కరెంటు పుట్టించుకునేది) ఉంటుంది. వాటికి ఈ మాడ్యూల్ కిట్ పనికిరాదు.

అసలు ఎందుకు మార్చాలి?

బ్యాటరీ, దాని వోల్టేజీని స్పార్క్‌కి చాలేంత పెంచే కాయిల్, పాయింట్లు, ఈ మూడిటితో నడిచే పద్ధతిని చార్లెస్ కెటరింగ్ రూపొందించాడు. 1910 కాడిలాక్ కారులో వచ్చిన ఆ పద్ధతే దశాబ్దాల పాటు పెట్రోల్ బళ్లలో చాలావాటిని నడిపింది. మంచి పద్ధతే. కానీ పాయింట్లు విడిపోయిన ప్రతిసారీ అక్కడ చిన్న నిప్పురవ్వ లేస్తుంది. పాత పాయింట్లు విప్పి వెలుతురులో చూడండి, ఒక ముఖం మీద గుంట, ఎదుటి ముఖం మీద సరిగ్గా ఆ గుంటలో కూర్చునేంత బొడిపె కనిపిస్తాయి. చుట్టూ నీలం, నలుపు కలిసిన మసి ఉంటుంది. ఫీలర్ గేజ్ పెడితే అది ఆ బొడిపె మీద ఆనుతుంది, మనం కొలిచే గ్యాప్ అసలు గ్యాప్ కాదు. ఇసుక కాగితంతో రుద్దితే ఆ ఇసుక రేణువులే పాయింట్ల మధ్య ఇరుక్కుంటాయి. తడి వాతావరణంలో, నెలల తరబడి షెడ్డులో నిలిపిన బండికి ఈ బాధ ఇంకా ఎక్కువ.

మాడ్యూల్‌లో ఒకదానికొకటి రాసుకునే భాగమే లేదు. షాఫ్ట్ మీద అయస్కాంతాలున్న చిన్న రింగు తిరుగుతుంది, పక్కనే ఉన్న హాల్ సెన్సర్ దాన్ని పసిగట్టి కాయిల్‌కి కరెంటు ఇస్తుంది, ఆపుతుంది. అంతే.

సామాన్లు, విప్పడం

మీ డిస్ట్రిబ్యూటర్ మోడల్‌కీ, వోల్టేజీకీ, ఎర్త్‌కీ సరిపోయే కిట్, మల్టీమీటర్, టైమింగ్ లైట్, స్క్రూడ్రైవర్లు, స్పానర్లు, రెండు చివర్లా క్లిప్పులున్న వైరు ముక్క ఒకటి. ప్లగ్ వైర్లు రాగి తీగవి అయితే కార్బన్ కోర్ వైర్లు కూడా కొనండి. రాగి వైర్ల నుంచి వచ్చే రేడియో అలజడి మాడ్యూల్‌ని తికమకపెడుతుంది.

క్యాప్ తీసే ముందు ఏ వైరు ఏ ప్లగ్గుదో గుర్తు పెట్టుకోండి. డిస్ట్రిబ్యూటర్‌ని ఇంజన్ నుంచి పీకకండి. బండి మీద ఉండగానే పని అయ్యేట్టయితే అలాగే కానివ్వండి, టైమింగ్ (స్పార్క్ పడాల్సిన సమయం) పోగొట్టుకుని వెతుక్కునే బాధ తప్పుతుంది. పాయింట్లు మాత్రం ఇప్పుడే విప్పొద్దు.

రోటర్ (క్యాప్ కింద తిరిగే ముక్క) తీసి షాఫ్ట్‌ని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదపండి. చేతికి తెలిసేంతగా ఊగితే బుష్‌లు అరిగాయన్నమాట. ముందు అవి మార్చండి, లేకపోతే కొత్త మాడ్యూల్ పెట్టినా ఎక్కడి గొంగళి అక్కడే. తర్వాత రోటర్‌ని మళ్లీ పెట్టి అది తిరిగే వైపుకి కొద్దిగా మెలితిప్పి వదలండి. స్ప్రింగు లాగినట్టు వెనక్కి రావాలి. రాకపోతే అడుగున ఉన్న అడ్వాన్స్ వెయిట్లు (ఇంజన్ వేగాన్ని బట్టి టైమింగ్ మార్చే బరువులు) బిగుసుకుపోయాయి. శుభ్రం చేసి ఒక్క చుక్క నూనె వేయండి.

కరెంటు: ఇక్కడ తొందరపడొద్దు

మొదట ఎర్త్ ఏ వైపుందో తేల్చుకోవాలి. ఆ కాలపు ట్రాక్టర్లలో చాలావాటికి ఫ్యాక్టరీలో ప్లస్ ఎర్త్ ఇచ్చారు, అంటే బ్యాటరీ ప్లస్సే ఛాసిస్‌కి కలిపి ఉంటుంది. కానీ పుస్తకాన్ని నమ్మకండి, కేబుల్ రంగుల్ని అసలే నమ్మకండి. ఇన్నేళ్లలో ఎన్ని చేతులు పడ్డాయో మనకేం తెలుసు? ఒక ట్రాక్టర్‌కి పుస్తకంలో ప్లస్ ఎర్త్ అని ఉంటే ఆ కిట్టే తెచ్చి బిగించాను. నాకంటే ముందు ఎవరో బ్యాటరీని తిప్పి పెట్టారు. పాయింట్లకి ప్లస్ అయినా మైనస్ అయినా ఒకటే కాబట్టి బండి అంతవరకూ మామూలుగానే నడిచింది. నేను తాళం తిప్పగానే టక్‌మని చిన్న చప్పుడు, ఆ వెంటనే రెజిన్ కాలిన ఘాటు వాసన. కొత్త మాడ్యూల్ ఒక్కసారి కూడా స్పార్క్ ఇవ్వకుండానే పోయింది. అప్పటి నుంచి మీటర్ పెట్టకుండా ఒక్క వైరు కూడా కలపను.

మీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి, నల్ల ప్రోబ్‌ని రంగు లేని ఛాసిస్ ఇనుముకి, ఎర్ర ప్రోబ్‌ని ఛాసిస్‌కి కలపని బ్యాటరీ టెర్మినల్‌కి ఆనించండి. అంకె మామూలుగా వస్తే మైనస్ ఎర్త్. అంకె ముందు మైనస్ గుర్తు వస్తే ప్లస్ ఎర్త్.

ఇక వోల్టేజీ. 6 వోల్టుల బండికి మాడ్యూల్ పెట్టొద్దనే అంటాను. 6 వోల్టుల కిట్లు దొరుకుతాయి, పెట్టేవాళ్లూ ఉన్నారు. కానీ చలి పొద్దున సెల్ఫ్ కొట్టేటప్పుడు 6 వోల్టుల బ్యాటరీ నాలుగైదు వోల్టులకు పడిపోతుంది. సరిగ్గా స్పార్క్ కావాల్సిన క్షణంలో మాడ్యూల్‌కి చాలినంత అందకపోవచ్చు. ముందు బండిని 12 వోల్టులకు, మైనస్ ఎర్త్‌కి మార్చుకోండి. బ్యాటరీ, కాయిల్, బల్బులు మార్చాలి, డైనమో బదులు ఆల్టర్నేటర్ పెట్టాలి, ఆమీటర్ వెనక రెండు వైర్లూ అటుదిటు చేయాలి. స్టార్టర్ మోటార్ పాతదే ఉండొచ్చు. బ్యాటరీ తిప్పినా అది తిరిగే దిశ మారదు. కాకపోతే ఎక్కువసేపు నొక్కి పట్టుకోకండి.

తర్వాత కాయిల్. దాని రెండు చిన్న టెర్మినళ్ల వైర్లు విప్పి ఓములు కొలవండి. కొలిచే ముందు మీటర్ ప్రోబ్‌లు రెండూ ఒకదానికొకటి ఆనించి ఎంత చూపిస్తుందో చూసి, అది కాయిల్ అంకెలోంచి తీసేయండి. చిన్న అంకెలు కాబట్టి ఆ 0.3 తేడా కూడా మోసం చేస్తుంది. 6 వోల్టుల కాయిల్ సాధారణంగా 1.5 ఓముల దగ్గర, 12 వోల్టుల కాయిల్ 3 ఓముల దగ్గర ఉంటుంది. ఆల్టర్నేటర్ ఛార్జ్ చేస్తున్నప్పుడు 14 వోల్టులు వస్తాయనుకోండి. 3 ఓములైతే 5 ఆంప్స్ లోపు ప్రవహిస్తుంది. 1.5 ఓములైతే 9 ఆంప్స్ దాటుతుంది. ఆ 9 ఆంప్స్ వెళ్లేది మాడ్యూల్‌లో ఉన్న చిన్న ట్రాన్సిస్టర్ గుండానే. నెల తిరక్కుండా పోయాయన్న మాడ్యూళ్లలో నేను చూసినవాటికి ఎక్కువగా కారణం ఇదే.

చివరిది బ్యాలస్ట్ రెసిస్టర్, అందరూ బోల్తాపడే చోటు. కాయిల్‌కి వెళ్లే దారిలో వోల్టేజీ తగ్గించడానికి పెట్టిన రెసిస్టర్ ఇది. కొన్ని బళ్లలో డ్యాష్‌బోర్డ్ వెనక పింగాణీ దిమ్మెలా కనిపిస్తుంది, కొన్నింట్లో మామూలు వైరులా దాక్కుని ఉంటుంది. తాళం వేసి (అంటే ఇగ్నిషన్ ఆన్ చేసి) కాయిల్ ప్లస్ దగ్గర మీటర్ పెడతారు, 12 చూపిస్తుంది, రెసిస్టర్ లేదనుకుంటారు. తప్పు. పాయింట్లు తెరుచుకుని ఉంటే కరెంటు ప్రవహించదు, కరెంటు ప్రవహించకపోతే రెసిస్టర్ దగ్గర వోల్టేజీ పడదు. రెసిస్టర్ ఉన్నా 12 వోల్టులే కనిపిస్తాయి.

అందుకని మైనస్ ఎర్త్ బండిలో ఇలా చేయండి. కాయిల్ వైర్లు మళ్లీ కలపండి. కాయిల్ నడిమి లావు వైరు చివరని ఇంజన్ ఇనుముకి గట్టిగా ఆనేలా కట్టండి, లేకపోతే షాక్ కొడుతుంది. తాళం తీసి (ఇగ్నిషన్ ఆఫ్‌లో) ఉండగా, క్లిప్ వైరుతో కాయిల్ మైనస్‌ని ఛాసిస్‌కి కలపండి. ఇప్పుడు తాళం వేసి కాయిల్ ప్లస్ దగ్గర చూడండి. బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగా ఉంటే రెసిస్టర్ లేదు. 6, 7 వోల్టులకు పడిపోతే ఉంది. పది సెకన్లకు మించి తాళం ఉంచొద్దు. తాళం తీశాకే క్లిప్ విప్పండి.

రెసిస్టర్ ఉంటే తీసేసి 3 ఓముల కాయిల్ పెట్టండి. నేను ఇంకో దారి ఒప్పుకోను, ఎందుకంటే రెసిస్టర్‌తో పాటు ఒక తుప్పు పట్టే జాయింటు కూడా పోతుంది. ఏదో కారణంతో ఉంచాల్సి వస్తే, మాడ్యూల్ ఎర్ర వైరు మాత్రం రెసిస్టర్‌కి ముందు, తాళం వైపు కలపాలి, కాయిల్ ప్లస్‌కి కాదు. అక్కడే తప్పు జరిగితే బండి వింతగా ప్రవర్తిస్తుంది. సెల్ఫ్ కొట్టినంతసేపూ అందుకోదు, బటన్ వదిలిన క్షణంలో ఒక్కసారి కక్కి ఆగిపోతుంది.

బిగించడం

ఇప్పుడు బ్యాటరీ ఎర్త్ కేబుల్ విప్పండి. పాయింట్లు, కండెన్సర్ తీసి, ప్లేటు తుడిచి మాడ్యూల్ బిగించండి. అయస్కాంత రింగు షాఫ్ట్ మీద పూర్తిగా కిందికి కూర్చోవాలి. రింగుకీ మాడ్యూల్‌కీ మధ్య కిట్‌తో ఇచ్చిన ప్లాస్టిక్ ముక్క పెట్టి గ్యాప్ సరిచూడండి. మైనస్ ఎర్త్ కిట్ అయితే ఎర్ర వైరు తాళం నుంచి వచ్చే ప్లస్‌కి, నల్ల వైరు కాయిల్ మైనస్‌కి. వైర్లు తిరిగే షాఫ్ట్‌కి తగలకుండా కట్టండి. ప్లేటు నుంచి డిస్ట్రిబ్యూటర్ బాడీకి మెత్తటి ఎర్త్ వైరు ఒకటి వేయండి, మాడ్యూల్ ఎర్త్ ఆ ప్లేటు గుండానే పోతుంది.

పాయింట్ల నుంచి మాడ్యూల్‌కి మారితే టైమింగ్ కొన్ని డిగ్రీలు జరుగుతుంది. టైమింగ్ లైట్‌తో మీ బండి పుస్తకంలో ఉన్న అంకెకి సరిచేయండి. గుర్తులు కొన్ని బళ్లలో ఫ్లైవీల్ మీద, కొన్నింట్లో ముందు పుల్లీ మీద ఉంటాయి. ప్లగ్ గ్యాప్ 0.025 అంగుళాలు ఉంటే 0.030కి తెరవండి.

ఇంజన్ ఆగి ఉన్నప్పుడు తాళం వేసి వదలొద్దు. షాఫ్ట్ ఆగిన చోటుని బట్టి కాయిల్ గుండా, మాడ్యూల్ గుండా కరెంటు ఆగకుండా పోతూనే ఉండొచ్చు. అలా వదిలేస్తే రెండూ కాలిపోవచ్చు. లైట్లు చూడాలన్నా, మీటర్లు చూడాలన్నా కాయిల్ వైరు విప్పి చూసుకోండి.

మొదటి రోజు ఒక గంట పని చేయించాక ఇంజన్ ఆపి కాయిల్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంటే బండిని మళ్లీ స్టార్ట్ చేయకుండా కాయిల్ ఓములు ఇంకోసారి కొలవండి.