ఫైళ్ల స్క్రిప్టులు, 3వ పాఠం: మిర్యాలగూడ తెరుచుకుంది, నల్గొండ తెరుచుకోలేదు

పోయిన పాఠంలో ఒక ఫోల్డర్‌లోని ఫైళ్ల పేర్లను పైథాన్‌తో చదివాం. ఈసారి అదే స్క్రిప్టు విండోస్‌లోనూ ఉబుంటు (ఒక రకం లైనక్స్)లోనూ నడవాలి.

నల్గొండ గడియారం సెంటర్ దగ్గర ఒక జిరాక్స్ షాపులో స్కాన్ చేసిన కాగితాలను మండలాల వారీగా సర్దే పని నాకు పడింది. షాపు సిస్టమ్ విండోస్, నా ల్యాప్‌టాప్ ఉబుంటు. డి డ్రైవ్‌లోని మిర్యాలగూడ ఫోల్డర్ చక్కగా తెరుచుకుంది. పేరు నల్గొండ అని మార్చగానే ఎర్రర్! స్పెల్లింగ్ నాలుగుసార్లు చూసుకున్నా, తప్పు లేదు. కౌంటర్ దగ్గర జనం, నాకేమో టెన్షన్.

దోషం \ గుర్తుది. విండోస్‌లో ఫోల్డర్ల మధ్య అదే రాస్తాం. కానీ పైథాన్‌లో కోట్స్ మధ్య \ పక్కన ఇంగ్లీషు చిన్న ఎన్ వస్తే కొత్త లైను అని అర్థం, చిన్న టి వస్తే ట్యాబ్. నేను ఇంగ్లీషులో రాసిన నల్గొండలో ఎన్ మాయమై, ‘అల్గొండ’ కింది లైనులో పడింది. తిప్పర్తి రాసినా ఇదే గతి. ఎమ్‌కు అలాంటి అర్థం లేదు కాబట్టి మిర్యాలగూడ బతికిపోయింది.

విండోస్‌కు ఈ గుర్తు దానికి ముందున్న డాస్ నుంచి వచ్చింది. 1983లో డాస్ 2.0లో ఫోల్డర్లు వచ్చేసరికి / గుర్తును అప్పటికే కమాండ్ల ఆప్షన్లకు వాడేస్తున్నారు, అందుకే ఫోల్డర్ల మధ్య \ పెట్టారు.

కోట్స్ ముందు ఇంగ్లీషు ఆర్ పెడితే చాలంటారు, అప్పుడు పైథాన్ \ గుర్తుకు వేరే అర్థం తీసుకోదు. విండోస్‌లో చాలు. ఉబుంటులో మాత్రం ఫోల్డర్ల మధ్య / రాస్తారు, \ అంటే ఫైలు పేరులో ఇంకో అక్షరం, అంతే. అందుకే దారిని (ఫోల్డర్ల పేర్ల వరసను) చేత్తో అతికించకండి. 2014లో పైథాన్ 3.4తో వచ్చిన పాత్‌లిబ్ అనే లైబ్రరీ ఆ పని చేస్తుంది:

పాత్.హోమ్() / 'నల్గొండ' / 'తిప్పర్తి'

(పాత్, హోమ్ ఇంగ్లీషులో టైప్ చేయాలి. హోమ్ అంటే సిస్టమ్‌లో మీ సొంత ఫోల్డర్. ఫోల్డర్ల పేర్లు తెలుగులో ఉన్నా నడుస్తుంది.) ఏ సిస్టమ్‌లో ఉంటే ఆ గుర్తు అదే పెట్టుకుంటుంది.

ఇంకోటి. స్కానర్ ఫైలు చివర పీడీఎఫ్ అని పెద్ద అక్షరాల్లో రాస్తే, చిన్న అక్షరాలతో వెతికే స్క్రిప్టుకు ఉబుంటులో అది దొరకదు. సఫిక్స్‌ను, అంటే పేరు చివరి ఆ భాగాన్ని, లోయర్‌తో చిన్న అక్షరాల్లోకి మార్చి పోల్చండి.

హోంవర్క్: ఉబుంటులో ఒకే పేరుతో, ఒకటి పెద్ద అక్షరాల్లో, ఒకటి చిన్న అక్షరాల్లో, రెండు ఉత్తుత్తి ఫైళ్లు చేయండి. రెండింటినీ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. వచ్చే పాఠం అక్కడి నుంచే.