నడకదారికి నిధులు – మూడో పాఠం: ఏ పద్దు కింద అడగాలి?

గత రెండు పాఠాల్లో మీరు ఒక వీధిని ఎంచుకుని, బడివేళలోనూ సాయంత్రంపూటా అక్కడ నడిచేవారిని, సైకిళ్ల మీద వెళ్లేవారిని లెక్కపెట్టి, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మొదలుకొని టిఫిన్ బండి వరకు దారికి అడ్డొచ్చే ప్రతిదాన్నీ టేపుతో కొలిచి రాసుకున్నారు. ఆ కాగితం పట్టుకుని గుంటూరు నగరపాలక సంస్థకు వెళితే ముందుగా వినవచ్చే మాట, ‘నిధుల్లేవండీ’. ఆ మాటను పూర్తిగా నమ్మనూ అక్కర్లేదు, అబద్ధమని కొట్టిపారేయనూ అక్కర్లేదు. సొమ్ము ఉంటుంది, కానీ ప్రతి రూపాయీ ఏదో ఒక పద్దు కింద, ఏదో ఒక షరతుకు లోబడి ఉంటుంది. మీ పని ఏ పద్దులో ఇముడుతుందో మీరే చెప్పగలిగితే మాట ముందుకు సాగుతుంది, చెప్పలేకపోతే అర్జీ ఫైల్లో పడుకుంటుంది.

పద్దు కన్నా ముందు తేల్చుకోవలసినది రోడ్డు ఎవరిదన్న సంగతి. ఊళ్లో ఉన్నంతమాత్రాన ప్రతి రోడ్డూ కార్పొరేషన్‌ది కాదు. కొన్ని ఆర్ అండ్ బీ శాఖవి, పదహారో నంబరు జాతీయ రహదారి కేంద్రానిది, బ్రాడీపేట, అరండల్‌పేట లైన్ల వంటి లోపలి వీధులు నగరపాలక సంస్థవి. ఒక శాఖ రోడ్డు మీద మరొక శాఖ ఖర్చు పెట్టాలంటే నిరభ్యంతర పత్రం కావాలి, అది లేకుండా కట్టిన పనికి ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది. అందుకే ఇంజినీర్లు ఈ విషయంలో వెనకాడుతారు, వారి జాగ్రత్తలో తప్పు లేదు. మీ వార్డు సచివాలయంలో రోడ్లు, కాలువల వంటి వసతులు చూసే ఎమినిటీస్ సెక్రటరీని నోటిమాటగా అడిగితే సరిపోదు. రోడ్డు ఏ శాఖ ఆధీనంలో ఉంది, దాని మీద ఇటీవల ఏ పనికి ఏ పద్దు నుంచి చెల్లించారు అనే రెండు ప్రశ్నలను 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద రాసి ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వవలసిన బాధ్యత వారిది, పైగా ఆ జవాబులోనే మీకు కావలసిన పద్దు పేరు దొరికే అవకాశం ఎక్కువ.

ఇక అసలు నిధుల సంగతి. కేంద్ర ఆర్థిక సంఘం సిఫారసుపై వచ్చే గ్రాంట్లు నగరాలకు పెద్ద ఆసరా. పదిహేనో ఆర్థిక సంఘం 2021–26 కాలానికి నగరాలను రెండు తరగతులుగా చూసింది. విజయవాడ పది లక్షలకు పైబడిన జనాభా గల నగర సముదాయాల జాబితాలోకి వెళ్లింది, అక్కడి గ్రాంటు గాలి నాణ్యత, తాగునీరు, పారిశుద్ధ్యం చుట్టూ అల్లుకుంది. గుంటూరు రెండో తరగతిలోకి వచ్చింది. ఈ తరగతికి వచ్చిన సొమ్ములో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికి ముడిపెట్టారు. మిగిలిన 40 శాతాన్ని జీతభత్యాలకు తప్ప స్థానిక అవసరాలకు వాడుకోనిచ్చారు. ఫుట్‌పాత్ కావాలని అడిగేవారు అలా ముడిపడిన భాగం వైపు చూసి ప్రయోజనం లేదు, ముడిపడని భాగంలో చోటు అడగాలి. పదహారో ఆర్థిక సంఘం కాలం 2026–31. కాలం మారినప్పుడు షరతులు మారవచ్చు కాబట్టి, అర్జీ రాసే ముందు ఆ ఏటి గ్రాంటులో ముడిపడిన భాగమెంత, ముడిపడని భాగమెంత అని అకౌంట్స్ విభాగంలో అడిగి తెలుసుకోవడం అలవాటు చేసుకోండి.

రెండోది కార్పొరేషన్ సొంత ఆదాయం, అంటే ఇంటి పన్ను, ఖాళీ స్థలాల పన్ను, భవన అనుమతుల రుసుములతో ఏర్పడే సాధారణ నిధి. దీనికి షరతులు తక్కువ, పోటీదారులు ఎక్కువ. ఇక్కడ గెలుపోటములను తేల్చేది అర్జీలోని న్యాయం కన్నా అది చేరిన నెల. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది కనుక అంచనాలు తయారయ్యే శీతాకాలంలో మీ కాగితం ఇంజినీరింగ్ విభాగానికి చేరి ఉండాలి. మార్చిలో వెళ్లి మొరపెట్టుకుంటే మర్యాదగా కుర్చీ వేస్తారు, వచ్చే ఏడాది చూద్దామంటారు.

మూడో దారిని చాలామంది గమనించరు. 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం కింద గాలి నాణ్యతా ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో గుంటూరు, విజయవాడ రెండూ ఉన్నాయి. ఆ కార్యక్రమం ప్రధానంగా లక్ష్యం చేసుకున్న వాటిలో రోడ్డు దుమ్ము ఒకటి. తారు అంచుకూ ప్రహరీ గోడకూ మధ్య మట్టిగా వదిలేసిన జాగా నుంచే బండి బండికీ ఆ దుమ్ము లేస్తుంది. ఆ మట్టి అంచును పలకలతో కప్పితే దుమ్ము తగ్గుతుంది, నడవడానికి దారీ ఏర్పడుతుంది. కనుక ఈ పద్దు కింద అడిగేటప్పుడు అర్జీలో మొదటి వాక్యం దుమ్ము గురించి ఉండాలి, నడక గురించి రెండో వాక్యంలో రాయాలి. ఇది మాయ కాదు, ఒకే పనికి ఉన్న రెండు ప్రయోజనాల్లో పద్దుకు సరిపడేదాన్ని ముందు చెప్పడం.

ఎంపీ నిధుల విషయం క్లుప్తంగా చెప్పుకుందాం. ఏటా 5 కోట్ల రూపాయల వరకు పనులను ఎంపీ సిఫారసు చేస్తారు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. ప్రభుత్వ స్థలంలో నిలిచి ఉండే ఆస్తి కావాలి. అందులో 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు ఎక్కువగా నివసించే ప్రాంతాలకు కేటాయించాలన్న నియమం ఉంది కాబట్టి, మీ వీధి అటువంటి చోట ఉంటే ఆ మాట అర్జీలో తప్పక రాయండి. ప్రత్యేక పథకాల మీద మాత్రం మరీ ఆశ పెట్టుకోవద్దని నా అభిప్రాయం. స్మార్ట్ సిటీల పథకంలో గుంటూరు లేనే లేదు, ఆ పథకమూ 2025 మార్చితో ముగిసింది. విజయవాడలో బస్సులకు ప్రత్యేక దారిగా తలపెట్టిన బీఆర్‌టీఎస్ రోడ్డు కోసం సొమ్మిచ్చిన కేంద్ర పట్టణ పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం ఏనాడో పోయింది, రోడ్డుకు బీఆర్‌టీఎస్ అన్న పేరు మాత్రం జనం నోట నిలిచిపోయింది.

ఇప్పుడు అర్జీలో పని పేరు ఎలా రాయాలో చూద్దాం. ‘మా వీధికి ఫుట్‌పాత్ వేయించగలరు’ అని రాస్తే దానికి అంచనా వేయడం ఏ ఏఈకీ (అసిస్టెంట్ ఇంజినీరుకూ) సాధ్యం కాదు. ఇలా రాయండి: ‘బ్రాడీపేట 4వ లైనులో 5వ అడ్డరోడ్డు నుంచి 8వ అడ్డరోడ్డు వరకు ఎడమ పక్కన, పక్కకాలువపై విరిగిన పలకలను మార్చి, ఆటంకాలు లేని 1.8 మీటర్ల వెడల్పు నడకదారిని 15 సెంటీమీటర్లు మించని ఎత్తులో, ప్రతి అడ్డరోడ్డు వద్ద వాలుతో నిర్మించుట.’ ఈ వెడల్పు, ఎత్తు రోడ్ల ప్రమాణాలను రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి 103వ నంబరు మార్గదర్శకాల్లోనివి. ఆ నంబరును అర్జీలో ఉటంకిస్తే కొలతల మీద వాదన ఉండదు. మన ఊళ్లలో ఫుట్‌పాత్ అంటే చాలాచోట్ల కాలువ మీది పలకలే. కాలువ పని ఎలాగూ మంజూరయ్యే చోట ఆ పలకల వెడల్పు పెంచమని అడగడం, కొత్త ఫుట్‌పాత్ కావాలని విడిగా అడగడం కన్నా సులువు. తోపుడు బళ్లను తీసేయమని మాత్రం అర్జీలో రాయకండి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం అది పట్టణ విక్రయ కమిటీ పరిధిలోని విషయం, ఆ వివాదంలో చిక్కుకుంటే మీ పని ఏళ్ల తరబడి ఆగుతుంది.

వచ్చే పాఠానికి అభ్యాసం ఇది. మీ వీధి మీద పైన చెప్పిన రెండు ప్రశ్నలతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి. జవాబు వచ్చేలోగా పని పేరును ఒకే వాక్యంలో, మొదలు, చివర, ఏ పక్కన, వెడల్పెంత అన్నవన్నీ ఉండేలా రాసి, పైన చెప్పిన పద్దుల్లో దేనికి సరిపోతుందో దాని కిందే రాసుకోండి. నాలుగో పాఠంలో ఆ వాక్యాన్ని ఏఈ గారి అంచనాగా, అక్కడి నుంచి సాంకేతిక మంజూరు దాకా తీసుకువెళ్లే విధానం చూద్దాం.